గుండె మార్పిడి తర్వాత మళ్లీ వ్యాయామం, ఆటలు: ఎప్పుడు, ఎంత, ఎలా

గుండె మార్పిడి జరిగినవాళ్లు అడుగు బయటపెట్టే ముందు ఒక విషయం బాగా అర్థం చేసుకోవాలి. కొత్త గుండెకు శరీరం నుంచి వచ్చే నరాలు లేవు. దాత నుంచి తీసేటప్పుడే అవి తెగిపోతాయి, రక్తనాళాలను కుట్టినట్టు వాటిని తిరిగి కుట్టడం కుదరదు. వ్యాయామంలో పాటించాల్సిన జాగ్రత్తల్లో సగానికి సగం ఈ ఒక్క కారణం వల్లే వస్తాయి.

మామూలు గుండెకు వేగస్ నరం కళ్లెంలా పనిచేస్తుంది. ఆ కళ్లెం తెగింది కాబట్టి ఊరికే కూర్చున్నా నాడి నిమిషానికి 90 నుంచి 110 వరకు ఉంటుంది. అదేదో తేడా చేసిందని కంగారుపడకండి. నడక మొదలుపెట్టగానే వేగం పెంచమని చెప్పే నరం కూడా లేదు. అడ్రినలిన్ రక్తంలో కలిసి గుండెదాకా చేరితేనే నాడి పెరుగుతుంది, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. నడక ఆపేశాక ఆ అడ్రినలిన్ ఇంకా రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది గనుక నాడి వెంటనే దిగదు. కొందరికి ఆపిన ఒకటి రెండు నిమిషాల తర్వాతే అది గరిష్ఠానికి చేరుతుంది. ఏడాది దాటాక కొందరిలో నరాలు కొంతమేర తిరిగి మొలుస్తాయి. అందరిలోనూ మొలవవు, మొలిచినా పూర్తిగా కాదు.

అందుకే చేతి గడియారంలో కనిపించే నాడి సంఖ్యను, వయసును బట్టి లెక్కగట్టే 'టార్గెట్ హార్ట్ రేట్'ను పక్కన పెట్టండి. ఆ లెక్క మీ గుండెకు వర్తించదు. దాని బదులు మీకు ఎంత శ్రమ అనిపిస్తోందో మీరే అంకె వేసుకునే బోర్గ్ స్కేల్ వాడండి. ఇది 6 నుంచి 20 దాకా ఉంటుంది: 6 అంటే ఏ శ్రమా లేదు, 11 తేలిక, 13 కాస్త కష్టం, 15 కష్టం, 20 అంటే ఇక ఒక్క అడుగు కూడా వేయలేని స్థితి. మొదటి నెలల్లో 11 నుంచి 13 మధ్య ఉండండి. స్కేలు గుర్తులేకపోతే మాటతో చూసుకోండి. నడుస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే సరైన వేగంలో ఉన్నట్టే. రెండు మాటలకోసారి ఊపిరి అందుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు.

ప్రతి వ్యాయామం ఇలా సాగాలి. మొదటి 10 నిమిషాలు నెమ్మదిగా నడక, కాళ్లూ చేతులూ కదిలించడం. బీటా బ్లాకర్ (నాడి వేగాన్ని తగ్గించే) మాత్రలు వేసుకునేవాళ్లకు నాడి ఇంకా ఆలస్యంగా పెరుగుతుంది, వాళ్లు 15 నిమిషాలు కేటాయించాలి. తర్వాత అసలు వ్యాయామం. చివర్లో మరో 10 నిమిషాలు వేగం తగ్గించుకుంటూ రావాలి. వార్మప్ లేకుండా ఒక్కసారిగా మెట్లెక్కితే కండరాలు ఆక్సిజన్ అడుగుతుంటాయి, గుండె ఇంకా పాత వేగంలోనే కొట్టుకుంటుంటుంది. దాంతో కాళ్లు బరువెక్కి విపరీతమైన ఆయాసం వస్తుంది. 'నా గుండె సరిగా పనిచేయడం లేదు' అని చాలామంది భయపడేది ఇక్కడే. నిజానికి దానికి సమయం ఇవ్వలేదంతే. చివర్లో గభాలున ఆగిపోతే రక్తం కాళ్లలో నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి. పడిపోయేవాళ్లు ఎక్కువగా పడిపోయేది ఆగాకే.

మొదటి 12 వారాలు: రొమ్ము ఎముక చెప్పినట్టు వినాలి

ఐసీయూలో ఉండగానే చీలమండలు ఆడించడం, ఊపిరి వ్యాయామాలు, మంచం అంచున కూర్చోవడం మొదలవుతాయి. అక్కడి నుంచి వార్డు వరండాలో నడక. ఇంటికొచ్చాక 5 నిమిషాల నడక, రోజుకు మూడు నాలుగు సార్లు, చదునైన చోట. ఒంటికి పడుతుంటే రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. ముందు సమయం పెంచాలి, వేగం ఆ తర్వాత. మధ్యలో ఏ ఆటంకమూ రాకపోతే 6 నుంచి 8 వారాలకు ఏకబిగిన 30 నిమిషాలు నడవగలిగే స్థితికి చాలామంది చేరతారు.

కోసి తీగలతో బిగించిన రొమ్ము ఎముక మాత్రం మీ ఉత్సాహాన్ని పట్టించుకోదు. మార్పిడి తర్వాత వాడే స్టెరాయిడ్లు ఎముక అతుక్కోవడాన్ని ఇంకా నెమ్మదింపజేస్తాయి. అందుకని మొదటి 6 నుంచి 8 వారాలు 4–5 కిలోలకు మించి ఎత్తకూడదు, బరువైన తలుపులు తొయ్యకూడదు, లాగకూడదు. లేచేటప్పుడు చేతుల మీద బరువు వేయకుండా పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించి లేవాలి. దగ్గు వస్తే దిండును ఛాతీకి హత్తుకోండి. చేతులతో బరువులు ఎత్తడం, పుషప్స్, రాకెట్ ఊపడం 12 వారాలు నిండి, సర్జన్ చూసి సరేనన్నాకే. కదిలినప్పుడు ఛాతీలో టక్కుమన్న శబ్దం వచ్చినా, రెండు ముక్కలు రాసుకుంటున్నట్టు అనిపించినా, గాయం నుంచి ద్రవం కారినా ఆ రోజే ఆసుపత్రికి చెప్పాలి.

కండ, ఎముక

చాలామంది నడకతో సరిపెట్టుకుంటారు. అది చాలదు. స్టెరాయిడ్లు తొడల కండను, తుంటి కండను కరిగిస్తాయి, ఎముకల్లో కాల్షియం తగ్గిస్తాయి. ఎముక నష్టం ఎక్కువగా జరిగేది మార్పిడి తర్వాతి మొదటి ఏడాదిలోనే, వెన్నుపూసలు నలిగిపోయేదీ ఎక్కువగా అప్పుడే. దీనికి మందు బరువుల వ్యాయామం. ఈ మాట ఊరికే అనడం లేదు: గుండె మార్పిడి జరిగినవాళ్లు 6 నెలలు క్రమం తప్పకుండా బరువులతో వ్యాయామం చేస్తే వెన్నెముకలో పోయిన ఎముక సాంద్రత తిరిగి దాదాపు పూర్వస్థితికి వచ్చినట్టు పరిశోధనల్లో తేలింది.

కాళ్లతో మొదలుపెట్టండి, రొమ్ము ఎముక మానేదాకా ఆగక్కర్లేదు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం, 8 నుంచి 10 సార్లు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, 10 సార్లు. కష్టంగా ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. 12 వారాలు దాటాక చేతులకు, వీపుకు తేలికపాటి బరువులు చేర్చవచ్చు. ఒక్కో కదలిక 10 నుంచి 15 సార్లు, ఒకటి రెండు విడతలు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. చివరి రెండు సార్లు కష్టంగా ఉండాలి, వణకకూడదు. 15 సార్లు సులువుగా వచ్చినప్పుడు బరువు కొద్దిగా పెంచండి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. బిగపడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, కొత్త గుండెను శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వల్ల అది ముందే ఎక్కువ. నడుము వంచి బరువెత్తడం, బరువు పట్టుకుని నడుము తిప్పడం వద్దు.

మందులు, వ్యాయామం కలిసే చోట

ఒళ్లు నొప్పులకు ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోకండి. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్‌తో కలిసి అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. నీళ్లు తక్కువ తాగి చెమటోడ్చినా కిడ్నీల మీద భారం పడుతుంది. క్రియాటిన్ పొడి వాడితే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి, కిడ్నీ పాడవుతోందా, పొడి ప్రభావమా అన్నది డాక్టరుకు తేల్చుకోవడం కష్టమవుతుంది. మూలికల ఉత్పత్తులు ఏవైనా అడగకుండా మొదలుపెట్టవద్దు, మందు మోతాదు రక్తంలో అటూ ఇటూ అయిపోవచ్చు.

సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ వంటి యాంటీబయాటిక్‌కు స్టెరాయిడ్ తోడైతే మడమ వెనకున్న అకిలిస్ స్నాయువు తెగే ప్రమాదం పెరుగుతుంది. ఆ కోర్సు నడుస్తున్నప్పుడు పరుగులు, గెంతులు ఆపండి. అక్కడ నొప్పి మొదలైతే నడక కూడా ఆపి డాక్టరుకు చెప్పండి. కొలెస్టరాల్‌కు స్టాటిన్ వేసుకునేవాళ్లకు, ముఖ్యంగా సైక్లోస్పోరిన్ కూడా వాడుతుంటే, శ్రమకు మించిన కండరాల నొప్పి వచ్చి మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే అది అత్యవసరం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు వ్యాయామానికి ముందూ తర్వాతా షుగర్ చూసుకోవాలి.

ఎప్పుడు ఆపాలి

ఈ గుండెకు నొప్పి చెప్పే నరాలు లేవు. రక్తనాళాలు మూసుకుపోతున్నా ఛాతీనొప్పి రాకపోవచ్చు. కొత్తగా వచ్చిన ఆయాసం, చల్లటి చెమట, వికారం, కళ్లు తిరగడం, గుండె దడదడలాడి లయ తప్పడం: వీటిని ఛాతీనొప్పితో సమానంగా చూడాలి. వెంటనే కూర్చోండి. కొన్ని నిమిషాల్లో తగ్గకపోయినా, స్పృహ తప్పినా అంబులెన్స్ పిలవాలి. తగ్గినా సరే, అదే రోజు ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కు చెప్పాలి.

గుండె నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ జరిగిన రోజు విశ్రాంతి, మర్నాటి నుంచి మామూలు నడక. తొడ దగ్గరి రక్తనాళం గుండా చేసి ఉంటే సైకిల్, బరువులు మళ్లీ ఎప్పుడో అడిగి తెలుసుకోండి. ఫలితంలో రిజెక్షన్ (శరీరం కొత్త గుండెను తిరస్కరించడం) కనిపించి చికిత్స నడుస్తుంటే, టీమ్ చెప్పేదాకా వ్యాయామం ఆపాలి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) తాకితే ముందు ఫోన్, వ్యాయామం సంగతి తర్వాత.

ఆటల్లోకి

మూడో నెల తర్వాత ట్రెడ్‌మిల్ లేదా సైకిల్ మీద పరీక్ష చేయించుకుని, ఆ ఫలితంతో ఆటల ప్రణాళిక వేసుకోవడం మేలు. సైక్లింగ్, చురుకైన నడక, ఆ తర్వాత జాగింగ్, ఇదీ క్రమం. ఈతకు గాయం పూర్తిగా మానాలి, టీమ్ అనుమతివ్వాలి, నీళ్లు క్లోరిన్ కలిపినవై ఉండాలి. నిలవ నీళ్లలోకి దిగకండి. బ్యాడ్మింటన్, టెన్నిస్‌లో ఆగడం, ఒక్కసారిగా ఉరకడం ఉంటాయి కాబట్టి 15 నిమిషాల వార్మప్ లేకుండా కోర్టులోకి వెళ్లొద్దు, పాయింట్ల మధ్య నిలబడిపోకుండా కాళ్లు కదుపుతూ ఉండండి. ఒకరినొకరు ఢీకొనే ఆటలు ఎముకల సాంద్రత పరీక్ష చూశాకే. జిమ్‌కు రద్దీ లేని వేళ వెళ్లి, పరికరాలు తుడుచుకుని వాడండి. ఎండలో ఆడితే పొడుగు చేతుల చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి, ఎందుకంటే రిజెక్షన్ రాకుండా వాడే మందులతో చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

గట్టి శ్రమ పనికిరాదన్న పాత భయం ఇప్పుడు తగ్గింది. నార్వే, స్వీడన్, డెన్మార్క్‌లలో కొత్తగా మార్పిడి జరిగినవాళ్లతో, పర్యవేక్షణలో, సుమారు 4 నిమిషాల చొప్పున తీవ్రమైన విడతలు చేయించారు. మామూలు వేగంతో చేసినవాళ్లకన్నా వాళ్ల సామర్థ్యం ఎక్కువ పెరిగింది. 'పర్యవేక్షణలో' అన్న మాటను మాత్రం వదిలేయకండి. 1978లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో మొదలైన వరల్డ్ ట్రాన్స్‌ప్లాంట్ గేమ్స్‌లో గుండె మార్పిడి జరిగినవాళ్లూ పోటీపడుతున్నారు. కెనడాకు చెందిన సైమన్ కీత్ 1986లో గుండె మార్పిడి చేయించుకుని ఆ తర్వాత ప్రొఫెషనల్ సాకర్ ఆడారు.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. రోజూ పొద్దున్నే బరువు, బీపీ, ఊరికే కూర్చున్నప్పటి నాడి. వ్యాయామం తర్వాత ఎంతసేపు చేశారో, బోర్గ్ అంకె ఎంతో. నాడిని శ్రమకు కొలతగా వాడకపోయినా, విశ్రాంతిలో అది రోజురోజుకూ ఎలా ఉందో తెలియడం అవసరం. అదే దారి, అదే 30 నిమిషాలు, నిన్నటిదాకా 12 ఉన్న శ్రమ వరుసగా రెండు రోజులు 15 అయితే, లేదా బరువు ఒక్క రోజులో కిలోకు మించి పెరిగితే, కాళ్లు వాస్తే, 'రేపు చూద్దాంలే' అనుకోవద్దు. రిజెక్షన్ చాలాసార్లు ఇలాంటి నీరసంగానే మొదలవుతుంది. పుస్తకం ముందు పెట్టుకుని ఫోన్ చేయండి, అంకెలు చదివి వినిపించండి.