అంతర్జాతీయ చట్టం చదవాలంటే, మాట ఎక్కడ ఇచ్చారో ముందు వెతకండి

నిజామాబాద్‌లో ఎల్‌ఎల్‌బీ పిల్లలకు అంతర్జాతీయ చట్టం చెప్పడం నా పని. ఏటా మొదటి క్లాసులోనే ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "పార్లమెంటు లేదు, పోలీసు లేడు. మరి దీన్ని చట్టం అని ఎట్లా అంటారు సార్?" మంచి ప్రశ్నే. కానీ దాని దగ్గరే ఆగిపోయినవాళ్లు సబ్జెక్టు మీద ఆసక్తి పోగొట్టుకోవడం చాలాసార్లు చూశాను. అందుకే నేను మరో చోట మొదలుపెడతాను. ఏ దేశం, ఏ విషయంలో, ఎక్కడ మాట ఇచ్చిందో వెతకడం ముందు నేర్చుకోండి.

ఈ పద్ధతి నాకు క్లాసులో తట్టింది కాదు. కొన్నేళ్ల కింద జగిత్యాల వైపు నుంచి ఒకాయన మా స్టూడెంట్‌ను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. చేతిలో తమ్ముడి పాస్‌పోర్టు జిరాక్సు. "మా తమ్మున్ని గల్ఫ్‌ల పోలీసులు పట్టుకపోయిండ్రు సార్. పన్నెండు రోజులాయె, ఫోన్ లేదు. మన చట్టం ఆడ నడుస్తదా?"

నడవదు. అక్కడ నడిచేది అక్కడి చట్టమే. కానీ ఆ దేశం మన దేశానికి ఇచ్చిన మాట ఒకటి ఉంది. అది 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలో 36వ అధికరణంలో ఉంది. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. మనవాళ్లు లక్షల మంది బయట దేశాల్లో ఉన్నారు కాబట్టి మనకు ఇంతకంటే దగ్గరి పాఠం దొరకదు.

ముందు ఆ దేశం ఒప్పందంలో ఉందో లేదో చూడాలి. ఐక్యరాజ్యసమితి ట్రీటీ కలెక్షన్ వెబ్‌సైట్‌లో ఈ ఒప్పందానికి ఒక పేజీ ఉంది. అందులో దేశం పేరు, సంతకం తేదీ, ఆమోదించిన తేదీ వరసగా ఉంటాయి. భారత్ వరసలో సంతకం గడి ఖాళీ. ఆమోదం గడిలో 28 నవంబర్ 1977 అని, పక్కనే ఇంగ్లీషు చిన్న 'ఎ' అక్షరం కనిపిస్తాయి. అంటే మొదట్లో సంతకం పెట్టకుండా తర్వాత నేరుగా చేరామని అర్థం. పిల్లలు ఖాళీ గడి చూసి "ఇండియా లేదు సార్" అనేస్తారు. తొందరపడొద్దు. అసలు గడి రెండోదే. సంతకం ఉండి ఆ గడి ఖాళీగా ఉంటే ఆ దేశం ఇంకా పూర్తిగా కట్టుబడలేదన్నమాట. పేజీ కిందికి వెళ్లి, ఆ దేశం ఏవైనా మినహాయింపులు పెట్టుకుందేమో కూడా చదవండి. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, బహ్రెయిన్, ఒమన్, ఆరూ ఈ ఒప్పందంలో ఉన్నాయి.

తర్వాత అధికరణాన్ని నిదానంగా, పెన్సిల్ పట్టుకుని చదవండి. అరెస్టయిన విదేశీయుడికి ఈ హక్కు ఉందని అక్కడి అధికారులు ఆలస్యం లేకుండా చెప్పాలి. అతను కోరితే అతని కాన్సులేట్‌కు, అంటే అక్కడున్న అతని దేశ ప్రభుత్వ కార్యాలయానికి, కబురు పంపాలి. కాన్సులేట్ అధికారి వచ్చి కలవొచ్చు, మాట్లాడొచ్చు, లాయరును ఏర్పాటు చేయొచ్చు. 'అతను కోరితే' అన్న మాట కింద గీత పెట్టండి. గల్ఫ్‌కు పోయే ప్రతి పిల్లాడికీ విమానం ఎక్కకముందే చెప్పాల్సిన మాట అది: పట్టుకుంటే, "మా ఎంబసీకి చెప్పండి" అని నోరు తెరిచి అడగాలి. అందులో ఏముందో ఎంత ముఖ్యమో, ఏం లేదో కూడా అంతే ముఖ్యం. కేసు కొట్టేయించే అధికారం, జైలు నుంచి విడిపించే అధికారం కాన్సులేట్‌కు లేవు. స్థానిక చట్టాన్ని గౌరవించాలని అదే ఒప్పందం 55వ అధికరణంలో ఉంది.

ఇక ఈ మాటకు కోర్టులో ఎంత విలువుందో తెలియాలంటే కుల్‌భూషణ్ జాదవ్ కేసు తీర్పు చదవండి. ఎవరో రాసిన నోట్స్ వద్దు, తీర్పే చదవండి. పాకిస్తాన్ ఆయన్ను 2016 మార్చి 3న అరెస్టు చేశామంది, మనకు చెప్పింది మార్చి 25న. 2017 ఏప్రిల్‌లో గూఢచర్యం ఆరోపణ మీద అక్కడి సైనిక కోర్టు మరణశిక్ష వేసింది. మే 8న భారత్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ఇక్కడ ఒక నిమిషం ఆగండి. ఒక దేశం ఇంకో దేశాన్ని ఊరికే ఆ కోర్టుకు లాగలేదు. వివాదాలు వస్తే ఆ కోర్టుకు వెళ్దామని కాన్సులర్ ఒప్పందానికి అనుబంధంగా ఒక ప్రోటోకాల్ ఉంది. రెండు దేశాలూ అందులో ఉన్నాయి. ఆ ఒప్పుకోలు లేకపోతే కేసు గడప దాటేది కాదు. ఏ తీర్పు చదివినా మొదట 'ఈ కోర్టుకు అధికారం ఎక్కడిది' అన్న భాగం చూడమని నేను పట్టుబట్టేది ఇందుకే.

గూఢచారులకు ఈ హక్కు వర్తించదని పాకిస్తాన్ వాదించింది. అధికరణంలో అలాంటి మినహాయింపు లేదని కోర్టు తేల్చింది. 2008లో రెండు దేశాలు చేసుకున్న ఒప్పందం కూడా ఈ హక్కును తగ్గించలేదంది. మూడు వారాలు ఆగి చెప్పడం 'ఆలస్యం లేకుండా' చెప్పడం కాదంది. 2019 జూలై 17న వచ్చిన ఈ తీర్పులో 15 మంది జడ్జీలు మన వాదన వైపు, ఒకరు మరో వైపు. అయితే శిక్ష రద్దు చేసి మనిషిని పంపించాలన్న మన కోరికను కోర్టు ఒప్పుకోలేదు. శిక్షను సమర్థంగా సమీక్షించాలని, అప్పటిదాకా ఉరి ఆపాలని చెప్పింది. ఆ సెప్టెంబర్ 2న మన దౌత్యాధికారి జాదవ్‌ను కలవగలిగారు. పోలీసు లేని చట్టం ఏం చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ ఈ ఒక్క తీర్పులో కనిపిస్తాయి.

కాగితం మీద మాట లేకపోతే ఆచారం వెతకాలి. దీనికి అదే అంతర్జాతీయ న్యాయస్థానం 1960లో తేల్చిన పోర్చుగల్-భారత్ కేసు చదవండి. అప్పట్లో తమ వలసలైన డామన్ నుంచి దాద్రా, నగర్ హవేలీకి మన భూమి మీదుగా వెళ్లే హక్కు తమకుందని పోర్చుగల్ వాదించింది. మన ఊళ్లో పొలం గట్టు మీద దారి తగాదా లాంటిదే. ఏళ్ల తరబడి నడిచావా, హక్కుగా నడిచావా, అడిగి నడిచావా? మామూలు జనం, సివిల్ అధికారులు, సరుకులు నూరేళ్లకు పైగా ఆటంకం లేకుండా తిరిగారు కాబట్టి వాటికి హక్కు ఉండేదని కోర్టు అంది. సైన్యం, సాయుధ పోలీసు, ఆయుధాలు అనుమతి అడిగే దాటేవి కాబట్టి వాటికి హక్కు లేదంది. 1954లో దారి ఆపడంలోనూ భారత్ తప్పు చేయలేదంది. అలవాటుకూ ఆచారానికీ తేడా ఇంత స్పష్టంగా చూపే కేసు నాకు ఇంకోటి కనబడలేదు.

ఒప్పందం, ఆచారం, నాగరిక దేశాలన్నీ ఒప్పుకునే సాధారణ సూత్రాలు: ఈ మూడూ ఆ కోర్టు శాసనం 38వ అధికరణంలో ఉన్నాయి. తీర్పులు, పండితుల రచనలు సాయానికి మాత్రమే. జాతి నిర్మూలన, బానిసత్వం లాంటి వాటికి ఎన్ని దేశాలు కలిసి ఒప్పందం రాసుకున్నా చెల్లదు. ఒప్పుకోలుతో పనిలేని గట్టి నియమాలవి. వాటి గురించి పైన చెప్పింది వంటబట్టాక చదవండి.

ఇంకో మాట. మామూలు మనిషి ఆ కోర్టుకు నేరుగా వెళ్లలేడు. అక్కడ వాది అయినా ప్రతివాది అయినా దేశమే. హేగ్‌లోనే ఉన్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వేరు. అది మనుషుల మీద కేసులు నడుపుతుంది, అందులో భారత్ చేరలేదు. పేపర్లలో ఈ రెండూ తరచూ కలిసిపోతుంటాయి.

జగిత్యాల ఆయన విషయానికి వస్తే, ఆ సాయంత్రం మేం ఒకే పేజీ దరఖాస్తు రాశాం. తమ్ముడి పేరు, పాస్‌పోర్టు నంబరు, కంపెనీ, ఉన్న ఊరు, ఆఖరి ఫోన్ వచ్చిన తేదీ. కింద ఒక వాక్యం: "వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం మా తమ్ముడిని కలిసి, అతనికి లాయరు సాయం అందేలా చూడగలరు." విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో పెట్టి, ఎంబసీకి మెయిల్ చేశాం. తొమ్మిదో రోజు ఎంబసీ నుంచి ఆయనకు ఫోన్ వచ్చింది. వాళ్లు వెళ్లి తమ్ముణ్ణి చూశారట. "మాట్లాడిండ్రంట సార్, మంచిగనే ఉన్నడంట," అని ఫోన్‌లోనే ఏడ్చాడు. కేసు ఆ తర్వాత ఐదు నెలలు నడిచింది.