చీరల వెబ్‌సైట్‌కు ఫొటో గ్యాలరీ ప్లగిన్‌ను ఎంచుకోవడం ఎలా

గద్వాల చీర కొనడానికి వచ్చినవారు ముందు అంచును చూస్తారు, ఆ తర్వాత కొంగును విప్పమంటారు. ఒళ్లు నూలుదై, అంచూ కొంగూ పట్టువై, రెండింటినీ నేతలోనే కలపడం ఆ చీర ప్రత్యేకత కాబట్టి చూపు అక్కడికే పోతుంది. చీరల దుకాణాల వెబ్‌సైట్లు తెరిస్తే మాత్రం చాలాచోట్ల ఫొటోలన్నీ ఒకే కొలత చదరపు గడుల్లో ఇరికించి కనిపిస్తాయి. అంచు సగమే ఉంటుంది, కొంగు అసలే ఉండదు. ఫొటో తీసినవారు జాగ్రత్తగానే తీసి ఉంటారు, దాన్ని గ్యాలరీ కోసేసింది. వర్డ్‌ప్రెస్‌తో సొంతంగా సైట్ కట్టుకుంటున్న నేతకారులు, దుకాణదారులు గ్యాలరీ ప్లగిన్‌ను, అంటే సైట్‌కు అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రామును, ఎంచుకునేటప్పుడు ఏమేమి చూసుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

అసలు ప్లగిన్ అవసరమా అన్నది మొదట తేల్చుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లో ఫొటోలను పేర్చి చూపే గ్యాలరీ బ్లాక్ ముందే ఉంది. అందులో ఫొటోలను కత్తిరించే సదుపాయం మామూలుగా ఆన్‌లో ఉంటుంది, దాన్ని ఆఫ్ చేస్తే ఫొటోలు పూర్తిగా కనిపిస్తాయి. ఫొటోను నొక్కితే తెర నిండా తెరుచుకునే లైట్‌బాక్స్ కూడా 2023 నవంబరులో వచ్చిన 6.4 వెర్షన్ నుంచి ఉంది. పదిహేను, ఇరవై ఫొటోలున్న చిన్న సైట్‌కు ఇంతకు మించి అక్కర్లేదని నా అభిప్రాయం. చీరలు వందల్లో ఉండి, వాటిని రకాన్ని బట్టి, రంగును బట్టి వేరుచేసి చూపించాల్సి వచ్చినప్పుడు, లేదా నేతను దగ్గరగా పెంచి చూసే వీలు కావాల్సి వచ్చినప్పుడు ప్లగిన్ వైపు వెళ్లాలి.

ప్లగిన్ల డెమో పేజీల్లో పెళ్లి ఫొటోలు, కొండలు, సముద్రాలు ఉంటాయి. వాటిని చూసి మోసపోకూడదు. నిలువుగా వేలాడదీసిన కొంగు ఫొటోలే మీ దగ్గర ఎక్కువగా ఉంటే, నిలువు వరుసల వెడల్పును సమానంగా ఉంచి ఎత్తును ఫొటోకు వదిలేసే మేసనరీ అమరిక మీకు సరిపోతుంది. అడ్డం ఫొటోలూ నిలువు ఫొటోలూ కలిసి ఉంటే, ప్రతి వరుస ఎత్తును సమానంగా ఉంచి వెడల్పును మార్చుకునే జస్టిఫైడ్ అమరిక నయం. ఈ రెండూ ఉచిత వెర్షన్‌లోనే దొరుకుతాయా, డబ్బు కడితేనే వస్తాయా అన్నది ముందే చూసుకోవాలి, ఎందుకంటే చదరపు గడిని ఉచితంగా ఇచ్చి మిగతావాటికి వెల కట్టే ప్లగిన్లు కొన్ని ఉన్నాయి.

రంగుల విషయంలో మరికొంత ఓపిక కావాలి. పూర్వం నల్లగొండ జిల్లాలో, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న పుట్టపాక, తేలియా రుమాలు అనే ఇక్కత్ నేత గుడ్డకు పేరుపొందింది. ఆ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అందులో ప్రధానంగా ఉండేవి ఎరుపు, నలుపు, తెలుపు. జేపెగ్ ఫొటోను కుదించేటప్పుడు వెలుగునీడల వివరాన్ని పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని మాత్రం బాగా తగ్గించడం సాధారణ పద్ధతి. ఎరుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా తక్కువ కాబట్టి, ఆ రెండూ కలిసే చోట గీత అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. నేసేముందే నూలుకు రంగు అద్దుతారు కాబట్టి ఇక్కత్ నేతలో గీత సహజంగానే కొంత చెదిరి ఉంటుంది. దానికి ఈ కుదింపు తోడైతే మంచి పనితనం కూడా అచ్చు వేసిన నకిలీ గుడ్డలా అనిపిస్తుంది. వెబ్‌సైట్ల కోసం చేసిన వెబ్‌పీ అనే ఫొటో ఫార్మాట్‌లో, నాణ్యత కొంత వదులుకునే రకంలోనూ ఇదే జరుగుతుంది. చిన్న బొమ్మలకు వెబ్‌పీ వాడినా, నొక్కితే తెరుచుకునే పెద్ద ఫొటోను ఎక్కువ నాణ్యత గల జేపెగ్‌గా ఉంచుకోనిచ్చే ప్లగిన్‌ను ఎంచుకోవడం మంచిది. వర్డ్‌ప్రెస్ తాను తయారుచేసే చిన్న సైజుల జేపెగ్ నాణ్యతను మామూలుగా వందకు 82 దగ్గర ఉంచుతుంది. ప్లగిన్ వాటినే మళ్లీ కుదిస్తే నష్టం ఇంకా పెరుగుతుంది కనుక, ప్లగిన్‌లోని కుదింపును ఆపే వీలుందో లేదో కూడా చూడాలి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోలను మాత్రం సైట్‌లో పెట్టవద్దు, అవి దారిలోనే కుదించబడి ఉంటాయి. మగ్గం దగ్గరి నుంచి ఫొటో పంపేవారిని డాక్యుమెంటు రూపంలో పంపమనండి.

వేగం గురించి తక్కువ మాటల్లో చెబుతాను. 2,560 పిక్సెళ్లకు మించిన ఫొటోలకు వర్డ్‌ప్రెస్ 2019 నుంచి, అంటే 5.3 వెర్షన్ నుంచి, తానే చిన్న ప్రతిని తయారుచేస్తోంది. కిందికి జరిపే కొద్దీ ఫొటోలను తెచ్చే పద్ధతి 2020లో 5.5తో వచ్చింది. ప్లగిన్ ఈ రెండింటినీ పక్కనపెట్టి అసలు ఫొటోలనే దింపుతుంటే దాన్ని వదిలేయండి. పేజీలోని ముఖ్యమైన బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. గూగుల్‌దే అయిన పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే వేగ పరీక్ష సైట్‌లో మీ పేజీ చిరునామా ఇచ్చి దాన్ని చూసుకోవచ్చు.

తెలుగు వివరణల సంగతి ఏ డెమోలోనూ తెలియదు. ఫొటో కింద “పట్టు అంచు” అని రాస్తే, పంక్తి ఎత్తు తక్కువగా పెట్టిన ప్లగిన్లలో వత్తు కింది అంచున తెగిపోయి కనిపిస్తుంది. వత్తులున్న మాటలతోనే పరీక్షించండి: “కొత్త వస్త్రం”, “స్వచ్ఛమైన పట్టు” వంటివి సరిపోతాయి. ఫొటోకు ప్రత్యామ్నాయ వివరణ రాసే చోటు విడిగా ఉండాలి, అక్కడ తెలుగు నిలవాలి. చూపులేనివారికి ఫోను చదివి వినిపించేది ఆ వివరణనే.

ప్లగిన్‌ను తీసేస్తే ఏం మిగులుతుందన్న ప్రశ్నను నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మహబూబ్‌నగర్‌లో ఒక పరిచయస్తుల దుకాణానికి సైట్ చేసినప్పుడు, చూడముచ్చటగా ఉందని ఒక ప్లగిన్‌ను ఎంచుకున్నాను. ఏడాదిన్నర తర్వాత దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. దాన్ని ఆపేసరికి ప్రతి పేజీలోనూ చీరలకు బదులు చదరపు బ్రాకెట్లలో ఒక పేరు, ఒక అంకె మిగిలాయి. ఫొటోలు వర్డ్‌ప్రెస్ తన ఫైళ్లను ఉంచుకునే మీడియా లైబ్రరీలో కాక ప్లగిన్ సొంత ఫోల్డరులో ఉన్నాయి, వివరణలు దాని సొంత పట్టికల్లో ఉన్నాయి. అన్నీ మళ్లీ చేత్తో ఎక్కించవలసి వచ్చింది. అప్పటినుంచి, మీడియా లైబ్రరీలోని ఫొటోలనే వాడుకుంటూ వివరణలను కూడా అక్కడే ఉంచే ప్లగిన్‌కు, దానిలో హంగులు తక్కువైనా సరే, నేను మొదటి స్థానం ఇస్తున్నాను.

ఇలా వడపోసి రెండు మూడింటిని మిగుల్చుకున్నాక, వర్డ్‌ప్రెస్ వారి ప్లగిన్ల జాబితా అయిన డైరెక్టరీలో వాటి పేజీలు తెరవండి. చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారు, ఏ వెర్షన్ వరకు పరీక్షించారు, సహాయం అడిగినవారికి జవాబులు వస్తున్నాయా అన్నవి చూడండి. ఎన్ని సైట్లలో వాడుతున్నారన్న అంకె కంటే వీటికే నేను ఎక్కువ విలువనిస్తాను. తర్వాత సైట్ బ్యాకప్ తీసుకుని, ఎవరికీ కనిపించని ఒక పేజీలో మీ ఫొటోల్లో ఇబ్బంది పెట్టే ముప్పైని, అంటే బాగా పొడవైన కొంగును, తెల్ల గోడ ముందు తెల్ల చీరను, ముదురు నలుపును ఎక్కించండి.

ఆ పేజీని ఇంటి వైఫైలో కాకుండా, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోనులో మొబైల్ డేటాతో, వీలైతే రద్దీగా ఉన్న బస్టాండులో తెరవండి. పెద్ద ఫొటో తెరిచాక ఫోను బ్యాక్ బటన్ నొక్కండి: ఫొటో మూసుకుని చీరల వరుస కనిపించాలి. సైట్ నుంచే బయటికి వచ్చేస్తే, కొనేవారు కూడా అలాగే వెళ్లిపోతారు. రెండు వేళ్లతో పెంచితే అంచు నేత స్పష్టంగా కనబడాలి. ఒక్క చీర లింకును వాట్సాప్‌లో ఇంకొకరికి పంపితే, వారికి అదే చీర తెరుచుకోవాలి, మొదటి పేజీ కాదు. నెగ్గినదాన్ని ఉంచుకుని, మిగతావాటిని డీయాక్టివేట్ చేసి వదిలేయకుండా పూర్తిగా డిలీట్ చేయండి.