సొంత గ్రహాన్ని కాపాడే దళంలో ఎన్ని నౌకలుండాలి? సైన్స్ ఫిక్షన్ రాసేవారు లెక్క కట్టే పద్ధతి

సైన్స్ ఫిక్షన్ కథల్లో సొంత గ్రహాన్ని కాపాడే నౌకాదళం ఎక్కువగా రెండు రకాలుగా కనిపిస్తుంది. లక్ష నౌకలు బారులు తీరి ఆకాశాన్ని కమ్మేస్తాయి, లేదా కథానాయకుడి నౌక తప్ప చుట్టుపక్కల మరొకటి ఉండదు. రెండింటికీ మూలం ఒకటే. అంకె ముందు అనుకుని, దానికి కారణం తర్వాత వెతకడం. శత్రువు వస్తున్న సంగతి ఎన్ని గంటల ముందు తెలుస్తుందో ముందు తేల్చుకోండి. నౌకల సంఖ్య అందులోంచే వస్తుంది.

కాగితం మీద ఐదు సంగతులు రాసుకోండి: జనాభా, ఇంజిన్ ఇచ్చే త్వరణం, ఆయుధం అందే దూరం, శత్రువు కంటబడే దూరం, ఒక్క దాడికి శత్రువు పంపగల నౌకలు. వర్గమూలం తీసే కాలిక్యులేటర్ చాలు. ఉదాహరణకు భూమినే తీసుకుందాం. వెయ్యి కోట్ల జనాభా, 1 జి త్వరణం (భూమి ఆకర్షణకు సమానమైనది), 10,000 కిలోమీటర్లు అందే ఆయుధం, భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్నంత దూరంలో కంటబడే 200 శత్రు నౌకలు.

1. గరిష్ఠ పరిమితి

భారత సైనిక దళాల్లో ఉన్నవారు సుమారు 14 లక్షలు. 140 కోట్ల పైచిలుకు జనాభాలో ఇది దాదాపు వెయ్యికి ఒకరు. అదే లెక్కన వెయ్యి కోట్లకు కోటి మంది. అందులో మూడో వంతు నౌకాదళానికి, వారిలో మళ్లీ మూడో వంతు నౌకల మీదికి. మిగతావారికి డాక్‌లూ, శిక్షణా, సరఫరాలూ ఉంటాయి. నౌకకు 300 మంది చొప్పున సుమారు 3,700 నౌకలు. వలస గ్రహాలకూ, వర్తక మార్గాలకూ కూడా ఇందులోంచే పంపాలి. సిబ్బంది అక్కర్లేని నౌకలైతే జనాభాను వదిలేసి డాక్‌ల సంఖ్య నుంచి మొదలుపెట్టండి.

2. గ్రహం చుట్టూ కంచె వద్దు

ఎటువైపు నుంచి వచ్చినా అడ్డుకోవడానికి గ్రహం చుట్టూ నౌకలను పరచాలనుకుంటారు. ఎన్ని కావాలో చూడండి: కంచె వ్యాసార్ధాన్ని ఆయుధం అందే దూరంతో భాగించి, వర్గం చేసి, నాలుగుతో గుణించాలి. చంద్రుడి దూరం 3,84,400 కిలోమీటర్లు, ఆయుధం 10,000. సుమారు 5,900 నౌకలు! అది కూడా ఒక్కో చోట ఒక్కొక్కటే, మధ్యలో ఖాళీలతో. మన గరిష్ఠ పరిమితి అక్కడే దాటిపోయింది. కంచె దూరం రెట్టింపైతే నౌకలు నాలుగింతలు కావాలి. బయట కాపలాకు సెన్సర్లు పెట్టండి, నౌకలు మాత్రం ఒక్కచోటే ఉంచండి.

3. హెచ్చరిక గంటలు

శత్రువు గ్రహాన్ని పట్టుకోవడానికి వస్తున్నాడా, నాశనం చేయడానికా? ముందు ఇది తేల్చండి. పట్టుకోవాలంటే సగం దారిలో ఇంజిన్ తిప్పి వేగం తగ్గించుకోవాలి. 1 జి త్వరణంతో సూర్యుడున్నంత దూరం నుంచి రావడానికి దాదాపు 68 గంటలు పడుతుంది. నాశనమే ఉద్దేశమైతే వేగం తగ్గించే పని లేదు, 48 గంటల్లో వచ్చేస్తాడు. కాంతి మనకు చేరడానికి 8 నిమిషాలు పోతుంది, అది లెక్కలోకి రాదు. భూమి దగ్గర నుంచి మన దళం చంద్రుడి దూరానికి వెళ్లి ఆగడానికి మూడున్నర గంటలు చాలు. కాబట్టి ఒక్కచోట ఉన్న దళానికి ఎటు వెళ్లడానికైనా వ్యవధి ఉంది.

ఆగకుండా వచ్చేవాడి వేగం భూమి దగ్గరికొచ్చేసరికి సెకనుకు 1,700 కిలోమీటర్లు ఉంటుంది. మన ఆయుధం అందే పరిధిని 12 సెకన్లలో దాటేస్తాడు. అలాంటివాడితో గంటలకొద్దీ యుద్ధం రాయకండి. వెంటపడి పట్టుకునే వీలు అసలే లేదు, దళం ముందుగానే అతని దారిలో ఉండాలి.

4. పోరు లెక్క: ఎక్కువమంది తప్పేది ఇక్కడే

శత్రువు 200 నౌకలతో వస్తే 200 చాలనుకోకూడదు. 300 ఉంటే గెలుపు ఖాయమనీ అనుకోకూడదు. ప్రతి నౌకా ఎదుటివారిలో ఏ నౌకనైనా కొట్టగలిగే బహిరంగ పోరులో బలం సంఖ్యను బట్టి కాక, సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ఇంజినీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ చూపించిన సూత్రం ఇది. నౌకల నాణ్యత సమానమైతే, గెలిచినవారికి మిగిలే నౌకల వర్గం రెండు వర్గాల తేడాకు సమానం.

300 నౌకలు కలిసి 200ను ఎదుర్కొంటే మనకు 224 మిగులుతాయి. అదే 300ను వందేసి చొప్పున మూడు స్థావరాల్లో ఉంచితే? శత్రువు మొదటి వందను తుడిచిపెట్టి 173తో ముందుకు వస్తాడు, రెండో వంద తర్వాత 141 మిగులుతాయి, మూడోది కూడా పోయాక అతని చేతిలో సరిగ్గా 100 ఉంటాయి. మనకు ఒక్కటీ మిగలదు. నౌకలు అవే, సంఖ్య అదే. రెండు నూటయాభైలుగా ఉంచితే మనమే గెలుస్తాం గానీ 71 మాత్రమే మిగులుతాయి.

అందుకే గ్రహం దగ్గర దళాన్ని రెండు కంటే ఎక్కువ ముక్కలు చేయకూడదు. చేస్తే, శత్రువు వచ్చేలోగా ముక్కలన్నీ ఒక్కటయ్యే వ్యవధి ఉందని మూడో మెట్టు లెక్కతో సరిచూసుకోండి. చంద్రుడి మీద ఫిరంగులు పెట్టి వాటినీ నౌకలతో కలిపి లెక్కించడం ఇదే పొరపాటు. శత్రువు భూమికి అవతలి వైపు నుంచి వస్తే ఆ ఫిరంగులు పోరులో లేనట్టే. క్షిపణులే ప్రధానమైతే ఈ సూత్రం వాడకండి. మొదటి వరసలో ఎన్ని వదిలారు, ఎన్నింటిని అడ్డుకున్నారు అన్న లెక్క వేరే కట్టాలి.

శత్రువు బలానికి ఒకటిన్నర రెట్లు పెట్టి ఊరుకునేవారు, ఆ బలం ఎక్కడెక్కడ చెల్లాచెదురుగా ఉందో చెప్పరు. 1889లో బ్రిటన్ తన తర్వాతి స్థానాల్లో ఉన్న రెండు పెద్ద నౌకాదళాలు కలిపినంత బలం ఉండాలని నిర్ణయించింది. అది బడ్జెట్ అడగడానికి పనికొచ్చే కొలత. దాడి జరిగిన ఉదయం రేవులో ఎన్ని ఉన్నాయో దానివల్ల తెలియదు.

5. డాక్‌లో ఉన్నవి

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, జర్మనీ నౌకాదళాలు తలపడిన జట్లండ్ పోరు రోజున, 1916 మే 31న, బ్రిటన్ తరఫున 28 బ్యాటిల్‌షిప్‌లు (అతిపెద్ద ఫిరంగి నౌకలు) బరిలోకి దిగాయి. అప్పటి కొత్త నౌకల్లో పేరున్న క్వీన్ ఎలిజబెత్ మాత్రం డాక్‌లో ఉంది. అణు క్షిపణులున్న జలాంతర్గామి ఒకటి ఎప్పుడూ సముద్రంలో ఉండేందుకు బ్రిటన్ నాలుగింటిని పోషిస్తోంది. మన నౌకాదళం మూడో విమాన వాహక నౌక కావాలని అడగడం వెనకా ఇదే లెక్క ఉంది: ఒకటి మరమ్మతుకు వెళ్లినా రెండు తీరాలకూ ఒక్కొక్కటి ఉండాలి.

మూడో వంతు సిద్ధంగా, మూడో వంతు శిక్షణలో, మూడో వంతు డాక్‌లో ఉంటాయని పెట్టుకోండి. హెచ్చరిక మూడు గంటలే అయితే పోరుకు 300 కావాలంటే మొత్తం 900 ఉండాలి. 48 గంటలుంటే శిక్షణలో ఉన్నవాటిలో సగం కూడా బయల్దేరతాయి, అప్పుడు 600 చాలు. బయటి కక్ష్యలో సెన్సర్లు పెట్టినందుకు 300 నౌకల ఖర్చు తప్పింది. నౌకలు పెంచే ముందు హెచ్చరిక పెంచాలి, ఇందులో మినహాయింపు లేదు.

6. కొత్తవి కట్టడం

విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌కు కీల్ (నౌక అడుగు దూలం, కట్టుబడి మొదలయ్యేది దీనితోనే) వేసింది 2009లో, దళంలో చేరింది 2022లో. మీ నౌక ఐదేళ్లలో తయారై ముప్పై ఏళ్లు పనిచేస్తుందనుకుంటే, 600 నౌకలకు ఏటా 20 కొత్తవి కావాలి, ఎప్పుడు చూసినా యార్డుల్లో 100 కట్టుబడిలో ఉండాలి. యుద్ధం మొదలైన ఆరు నెలలకే వంద కొత్త నౌకలు దిగితే, ఆ కీల్స్ నాలుగైదేళ్ల కిందటే పడి ఉండాలి.

7. కథలో పెట్టడం

మొత్తం 600 అని ఒక్కసారే చెప్పండి. ఆ తర్వాత పాత్రలు "ఇవాళ బయల్దేరగలిగేవి ఎన్ని?" అనే అడగాలి. పది పన్నెండు నౌకలకు మించి పేర్లు పెట్టకండి, వాటిలో కనీసం మూడు డాక్‌లో ఉండాలి. ప్రతి పోరు తర్వాత మిగిలినవి ఎన్నో నాలుగో మెట్టు సూత్రంతో కట్టి, అధ్యాయం పక్కన మార్జిన్‌లో రాసుకోండి. తర్వాతి అధ్యాయంలో అంతకంటే ఎక్కువ నౌకలు కనబడితే అవి ఏ డాక్ నుంచి వచ్చాయో అక్కడికక్కడే రాయాలి.