చిన్న సిక్లిడ్‌లు – మూడో పాఠం: ఏ జాతి? ఆడదా, మగదా?

సిక్లిడ్ కుటుంబపు చిన్న అక్వేరియం చేపల్లో చూడాల్సిన మూడు నల్ల గుర్తులు పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఒంటి పొడుగునా సాగే పక్కగీత, కంటి నుంచి కిందికి దిగే చెంపగీత, తోక మొదట్లో ఉండే మచ్చ. ఈసారి వాటితోనే దుకాణంలో ట్యాంక్ ముందు నిలబడదాం.

మన వరంగల్, హనుమకొండ, కరీంనగర్ దుకాణాలకు ఈ చేపలు ఎక్కువగా హైదరాబాద్ మీదుగానే వస్తాయి. హైదరాబాద్‌కు చెన్నై కొళత్తూరు నుంచో, కోల్‌కతా నుంచో దిగుతాయి. కవర్లో అన్ని గంటలు ప్రయాణం చేసి వచ్చిన చేప టెన్షన్‌లో ఉంటుంది, రంగంతా దించేసుకుంటుంది. కాబట్టి దుకాణంలో రంగును నమ్మకండి. ముందు నల్ల గుర్తులు చూడండి, తర్వాత రెక్కల ఆకారం, అన్నిటికంటే చివర రంగు. ఈ పాఠంలో నేను గట్టిగా చెప్పేది ఈ వరుస ఒక్కటే.

అపిస్టోలతో, అంటే అపిస్టోగ్రామా అనే చిన్న సిక్లిడ్‌లతో మొదలుపెడదాం. వీటిలో మనకు తరచూ దొరికే జాతులు కకాటుయోయిడెస్, అగాసిజీ. రెండూ దక్షిణ అమెరికాలో అమెజాన్ నదీ ప్రాంతానివి. మగవాటి దగ్గర తికమక ఉండదు. పెద్ద కకాటుయోయిడెస్ మగదానికి వెన్నురెక్క ముందు ముళ్లు కిరీటంలా పైకి లేస్తాయి, తోకకు పైనా కిందా రెండు కొనలు సాగుతాయి. అగాసిజీ మగదాని తోక మధ్యలో ఒకే కొనతో ముగుస్తుంది. అసలు చిక్కంతా ఆడవాటితోనే. రెండు జాతుల ఆడవీ చిన్నవి, గుండ్రని తోకవి, పసుపు కలిసిన బూడిద రంగువి. ఒకే ట్యాంక్‌లో కలిసిపోతే దుకాణదారు కూడా విడదీయలేడు.

పక్కగీతను తోక దాకా వెంబడించండి. అగాసిజీలో ఆ గీత తోక మొదట్లో ఆగదు, తోకరెక్క మధ్యలోంచి చివరిదాకా పోతుంది. ఆడదానిలోనూ అంతే. తర్వాత పొట్ట చూడండి. కకాటుయోయిడెస్‌కు పక్కగీత కింద మరో రెండు మూడు సన్న గీతలు సమాంతరంగా ఉంటాయి. అగాసిజీకి అవి ఉండవు. చేప అడ్డంగా, అద్దానికి దగ్గరగా వచ్చేదాకా ఆగి చూడండి. ఎదురుగా ఈదుతున్న చేపలో ఈ గీతలేవీ కనిపించవు.

ఇక దుకాణంలో తరచూ వినే మాట: “పక్కా జోడీ అన్నా, తీస్కపో.” వాళ్లు రంగున్న పెద్దదాన్ని ఒకటి, పక్కనే ఉన్న చిన్నదాన్ని ఒకటి వలలో పట్టి ఇస్తారు. ఆ చిన్నది ఆడదే కానక్కర్లేదు. అపిస్టోల్లో బలమైన మగది ఉన్న చోట మిగతా మగవి ఎదుగుదల తగ్గించుకుని, ఆడదాని రంగు వేసుకుని తిరుగుతాయి. దెబ్బలు తప్పించుకోవడానికి, వీలైతే దొంగచాటుగా గుడ్ల దగ్గరికి పోవడానికి అవి వేసే వేషం అది. పట్టుకోవడానికి పొట్టరెక్కలు చూడాలి. కకాటుయోయిడెస్ ఆడదాని పొట్టరెక్కలు పొట్టిగా ఉంటాయి, ముందు అంచు నల్లగా ఉంటుంది. వేషం వేసిన మగదానికి ఆ రెక్కల కొనలు సన్నగా సాగడం మొదలై ఉంటుంది, నలుపు అంతగా ఉండదు. వెన్నురెక్క ముందు ముళ్లు కూడా కాస్త లేచి కనిపిస్తాయి. అనుమానం తీరకపోతే ఆరు పిల్లలు కొనుక్కుని ఇంట్లోనే పెంచుకోండి. పెరిగాక అవే చెప్తాయి. గుడ్లు పెట్టిన ఆడది నిమ్మపండు పసుపు రంగులోకి మారి, నల్ల పొట్టరెక్కలు విప్పి, తనకు రెట్టింపున్న మగదాన్ని కూడా తరిమేస్తుంది. అది చూశాక ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు.

అపిస్టోల్లోనే మెక్‌మాస్టరీ, వియెజీటా అని బోర్డు కనిపిస్తే మాత్రం జాగ్రత్త. రెండూ కొలంబియావి, చాలా దగ్గరి జాతులు. వియెజీటా పేరుతో అమ్మేవి తరచూ ఎర్ర రంగు కోసం ఎంచి పెంచిన మెక్‌మాస్టరీలే. ఎక్కడ పట్టిన చేపో తెలియకుండా వీటికి పేరు పెట్టడానికి తొందరపడకండి.

ఇక రామ్‌లు అనే మరో రకం చిన్న సిక్లిడ్‌ల దగ్గరికి వద్దాం. మామూలు రామ్ వెనిజులా, కొలంబియాల్లోని ఒరినోకో ప్రాంతపు చేప. ఒంటి నిండా నీలి చుక్కలుంటాయి. బొలీవియన్ రామ్ దానికంటే కాస్త పెద్దది. దానికి నీలి చుక్కలు ఉండవు, వెన్నురెక్కకూ తోకకూ ఎర్ర అంచు ఉంటుంది, తోకకు రెండు సన్న కొనలు సాగుతాయి. వీటిలో పొరపాటు పడడం కష్టం. ఆడా మగా దగ్గరే పని ఉంది. మామూలు రామ్ ఆడదాని పొట్ట గులాబీ ఎరుపులో ఉంటుంది, ఒంటి పక్కన మధ్యలో ఉండే నల్లమచ్చలోకి నీలి పొలుసులు చొరబడతాయి. మగదానిలో ఆ మచ్చ చాలావరకు శుద్ధ నలుపు, వెన్నురెక్క ముందు ముళ్లు పొడుగు. మచ్చ ఒక్కదాన్నే నమ్మకండి, పొట్ట రంగుతో కలిపి చూడండి. ఎలక్ట్రిక్ బ్లూ అనే నీలి రామ్ రకంలో అయితే ఈ మచ్చే కనిపించదు, అక్కడ పొట్టా రెక్కలే ఆధారం. బొలీవియన్‌లో ఆడా మగా దాదాపు ఒకేలా ఉంటాయి, గుడ్లు పెట్టేదాకా ఆగాల్సిందే.

క్రిబ్ అనే ఆఫ్రికా సిక్లిడ్ సులువు. ఆడది పొట్టిగా, బొద్దుగా, చెర్రీ ఎరుపు పొట్టతో ఉంటుంది. మగది పొడుగు, వెన్నురెక్క వెనక కొన మొనదేలి ఉంటుంది.

గుడ్లు పెట్టే ముందు చివరి రుజువు పొట్ట కింద దొరుకుతుంది. మలద్వారం వెనక ఒక చిన్న గొట్టం బయటికి వస్తుంది. మగదానిది సన్నం, మొనదేలి ఉంటుంది. ఆడదానిది లావు, మొద్దు. అంత చిన్న చేపలో మొదటిసారి చూసినవాళ్లకు ఇది అందదు. అందుకే ఈసారి ఇంటిపని: చేపల మార్కెట్‌లో పావు కిలో పైబడిన తిలాపియాలు రెండు మూడు కొనండి. తిలాపియా కూడా సిక్లిడ్ కుటుంబమే, 1952లో మన దేశానికి వచ్చింది. వెల్లకిలా పెట్టి మలద్వారం వెనక చూడండి. మగదానికి మొనదేలిన చిన్న బుడిపె, దాని కొసన ఒకే రంధ్రం. ఆడదానికి గుండ్రటి బుడిపె, దాని మీద అడ్డంగా ఒక చీలిక, చివర మరో చిన్న రంధ్రం. కనపడకపోతే కాస్త పసుపు నీళ్లు రాసి తుడవండి, చీలికలో రంగు నిలిచి గీత తేలుతుంది. ఆ తర్వాత కూర వండుకోవచ్చు.

ఒక మాట మన ఎండల గురించి కూడా చెప్పాలి. అపిస్టోల్లో చాలా జాతులకు పిల్లలు ఆడవో మగవో తేలడంలో నీటి వేడికి పాత్ర ఉంది. గుడ్లు పొదిగాక మొదటి కొన్ని వారాలు నీళ్లు వేడిగా ఉంటే మగపిల్లలు ఎక్కువవుతాయి, చల్లగా ఉంటే ఆడవి. మే నెలలో కూలర్ కూడా లేని గదిలో ట్యాంక్ పెట్టి, పిల్లలన్నీ మగవే వచ్చాయని విత్తనాన్ని తిట్టుకోకండి. పిల్లలు తీయాలంటే శీతాకాలం ఎంచుకోండి, లేదా ట్యాంక్ మీద చిన్న ఫ్యాన్ పెట్టండి.

వచ్చే పాఠానికి మీ ట్యాంక్‌లో ఒక చేపను ఫోన్‌లో ఫ్లాష్ లేకుండా, పక్కనుంచి వీడియో తీసి పెట్టుకోండి. దాన్ని ఆపి ఆపి చూస్తూ తోకరెక్క, పొట్టరెక్క, పక్కగీత ఎక్కడ ఆగుతుందో నోట్‌బుక్‌లో గీయండి. బొమ్మ బాగుండక్కర్లేదు, గీత ఆగే చోటు మాత్రం సరిగ్గా పడాలి. ఆ బొమ్మ దగ్గర పెట్టుకునే జోడీ కట్టే పాఠం మొదలుపెడదాం.