గోదావరి పాయల్లో ఆటుపోట్లు – 3వ పాఠం: తిథిని బట్టి పోటు వేళ కట్టడం

సముద్రాన్ని లేపే బలం దూరపు ఘనాన్ని బట్టి తగ్గుతుందని గత పాఠంలో చూశాం. సూర్యుడి ద్రవ్యరాశి చంద్రుడికి సుమారు 2.7 కోట్ల రెట్లు. దూరం దాదాపు 390 రెట్లు; 390ని ఘనం చేస్తే 5.9 కోట్లు. అందుకే సూర్యుడి వాటా చంద్రుడి వాటాలో సగానికి కాస్త తక్కువే. పోటు వేళను, అంటే నీరు పైకొసకు చేరే వేళను, నడిపేది ముఖ్యంగా చంద్రుడు. ఆ చంద్రుడి లెక్క మన పంచాంగంలో సిద్ధంగా ఉంది.

సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ఎడం జరిగితే ఒక తిథి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. అంటే తిథికి 48 నిమిషాలు, సరిగ్గా రెండు గడియలు. తిథి మారేకొద్దీ చంద్రుడు నడినెత్తికి రావడం, దానితో పాటు పోటూ అంత ఆలస్యమవుతాయి. 15 తిథులకు 12 గంటలు. రోజుకు రెండు పోట్లు కనుక శుక్ల పంచమికి వచ్చిన వేళే బహుళ పంచమికీ వస్తుంది.

పోటు వేళ = రేవు అంకె + (తిథి × 48 నిమిషాలు)

పౌర్ణమికీ అమావాస్యకూ తిథి సున్నా. ఇక రేవు అంకె, అంటే ఆ రోజుల్లో మీ రేవుకు పోటు వచ్చే వేళ. బంగాళాఖాతం ఆకారం, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గరి ఇసుక మేటలు, ఏటి లోతు కలిసి పోటును ఆలస్యం చేస్తాయి. అంతర్వేది అంకె అదే వశిష్ఠ పాయలో పైనున్న నరసాపురానికి పనికిరాదు. గౌతమి పాయ మొగ దగ్గరి అంకె యానాంలో చెల్లదు. ఎవరి రేవుకు వారే కొలుచుకోవాలి.

మూడు మీటర్ల వెదురుబొంగు మీద 5 సెంటీమీటర్లకో గీత పెయింటుతో వేసి, పడవల తాకిడి లేని చోట గట్టిగా పాతండి. పాటు (నీరు దిగడం) పూర్తిగా తీసినప్పుడూ దాని అడుగు నీటిలోనే ఉండాలి. పౌర్ణమి, పాడ్యమి, విదియ మూడు రోజులూ 10 నిమిషాలకోసారి చూసి రాయండి. అల లేచిన గీతకూ దిగిన గీతకూ నడిమిది తీసుకోండి.

చాలామంది తప్పేది ఇక్కడే: నీరు నిండిన క్షణాన్ని కంటితో పట్టబోతారు. పోటు పైకొసలో అరగంట దాకా మట్టం కదిలినట్టే ఉండదు. దానికి బదులు పైకొసకు 10 సెంటీమీటర్ల లోపున్న ఒక గీత పట్టుకోండి. ఎక్కేటప్పుడు నీరు దాన్ని 8:20కి తాకి, దిగేటప్పుడు 9:40కి వదిలితే పోటు 9:00. మరీ కింది గీత వద్దు. ఏటిలో పైకి వెళ్లేకొద్దీ పోటు త్వరగా ఎక్కి, పాటు నెమ్మదిగా తీస్తుంది కనుక నడిమి లెక్క తప్పుతుంది.

మూడు వేళల నుంచీ వాటి వాటా (0, 48, 96 నిమిషాలు) తీసేసి సగటు కట్టండి. అదే మీ అంకె. అది 9:00 అనుకుంటే పంచమికి 5 × 48 = 240 నిమిషాలు కలిపి మధ్యాహ్నం 1:00. తర్వాతి పోటు 12 గంటల 25 నిమిషాలకు, అంటే రాత్రి 1:25కి. సూర్యోదయ తిథి కాదు, ఆ వేళకు నడుస్తున్న తిథి తీసుకోవాలి. పంచాంగంలో తిథి ముగిసే సమయం ఇచ్చేదే ఉంటుంది.

ఇంత చేసినా షష్ఠి ప్రాంతంలో పోటు లెక్కకన్నా ముప్పావు గంట దాకా ముందే రావచ్చు. ఏకాదశి, ద్వాదశులకు అంతే ఆలస్యం కావచ్చు. అది మీ కొలత తప్పు కాదు, సూర్యుడి లాగుడు. పుస్తకంలో ఆ తేడా రాసుకుంటూ పోతే రెండు పక్షాల్లో మీ రేవు సవరణలు తేలిపోతాయి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా అంకె కట్టకండి. ధవళేశ్వరం నుంచి వరద వదిలితే పాయల్లో మట్టం పోటుతో నిమిత్తం లేకుండా పెరుగుతుంది. తుఫాను రోజుల కొలతా పనికిరాదు: గాలి నీటిని ఒడ్డుకు తోస్తుంది, పైగా వాయుపీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది.

రొయ్యల చెరువుకు నీరు పెట్టేవారికి ఈ వేళ చాలు. మొగ దాటే పడవలకు చాలదు. మట్టం పైకొసకు చేరాక కూడా నీరు కొంతసేపు లోపలికే పారుతుంది. కొట్టుకొచ్చే గుర్రపుడెక్క ఎప్పుడు నిలిచి, ఎప్పుడు సముద్రం వైపు తిరిగిందో వేరే గడిలో రాయండి. వచ్చే పాఠానికి ఆ రెండు గడులూ కావాలి.