హైవే ఎక్కగానే లారీ స్టీరింగ్ వణుకుతుంటే ఏం చేయాలి?

కావలి దాటి ఖాళీ రోడ్డు దొరకగానే లారీ 60 అందుకుంటుంది, స్టీరింగ్ చేతుల్లో వణకడం మొదలవుతుంది. వెంటనే అలైన్‌మెంట్‌కు, అంటే చక్రాల దిశ సరిచేయించడానికి, తీసుకెళ్లడం చాలామందికి అలవాటు. నా లెక్కలో అది చివరి పని. కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన కడ్డీ) అరిగిన బండికి అలైన్‌మెంట్ చేయిస్తే ఆ కొలత షెడ్డు గేటు దాకా కూడా నిలవదు.

ముందు వణుకు ఎప్పుడు వస్తోందో గమనించండి. ఒక వేగంలో మొదలై, అది దాటాక తగ్గుతుంటే టైరు, రిమ్ము, బ్యాలెన్సింగ్‌లను (చక్రం తూకాన్ని) అనుమానించాలి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డ్రమ్ములు చూపించండి. పెన్నా వంతెన అతుకుల మీదో, గుంతలోనో కుదుపు తగిలాక ముందు చక్రాలు ఎడాపెడా కొట్టుకుంటుంటే ఎక్కడో లూజుంది. అది బాగయ్యేదాకా లోడు ఎత్తవద్దు.

తర్వాత చక్రాలు కడగండి. చీమకుర్తి క్వారీలకు తిరిగే బండ్లకు రిమ్ము లోపలి వైపు గ్రానైటు బురద పేరుకుని గట్టిపడుతుంది. ఒకవైపు అంటుకున్న పెళ్ల చాలు, చక్రం తూకం తప్పుతుంది. గీకి, కడిగి, మళ్లీ నడిపి చూడండి. ఇంత చవకైన వైద్యం మరొకటి లేదు.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూడాలి. ఎండలో పరుగెత్తి వచ్చిన టైరు ఎక్కువ చూపించిందని గాలి తీసేయకూడదు. తీగలు బయటపడలేదని కంటితో చూసుకున్నాక అరచేతిని ట్రెడ్ (రోడ్డును తాకే టైరు భాగం) చుట్టూ పోనివ్వండి. ఎత్తుపల్లాలు తగిలితే అరుగుదల సమంగా లేనట్టే. ఒకచోట ఉబ్బు ఉంటే లోపలి పొర విడిపోయి ఉండవచ్చు. ఆ టైరును వెనక్కి మార్చి సర్దుకోవద్దు, తీసేయండి.

ఇక అసలు పరీక్ష. చదునైన నేల మీద వెనక చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. ఒంటి జాకీని నమ్మి బండి కిందికి దూరకండి. చక్రాన్ని తిప్పుతూ రిమ్ము అంచుకు దగ్గరగా సుద్దముక్కను కదలకుండా పట్టుకోండి. వంకర ఉంటే గీత ఒక పక్కనే పడుతుంది.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే క్లీనర్‌ను బ్రేకు తొక్కి పట్టమనండి. అప్పుడు ఆట ఆగితే బేరింగ్ లూజు. ఆగకపోతే కింగ్ పిన్, బుష్షులు పోయినట్టు. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే అక్కర్లేని సామాను కొనే బాధ తప్పుతుంది.

బండిని దించి, ఇంజిన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. మరొకరు పక్క నుంచి, స్టీరింగ్ కదలికను చక్రాలకు చేర్చే టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్, స్టీరింగ్ బాక్సు బోల్టులు చూడాలి. ఒక ముక్క కదిలాక పక్క ముక్క ఆలస్యంగా కదిలితే లోపం ఆ కీలులోనే. కమాను కట్టలను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు, ఆ కట్టల పిన్నులు, షాక్ అబ్జార్బర్లు కూడా చూడండి.

అరిగినవి మార్చాక ముందు చక్రాలకు బ్యాలెన్సింగ్, ఆపైన అలైన్‌మెంట్. అప్పటికీ వణికితే అదే కొలతలో ఉన్న మంచి చక్రాలు రిమ్ములతో సహా ముందుకు వేసి చూడండి. వణుకు పోతే పాత జతలోనే దోషం ఉంది.

విప్పిన చక్రాల నట్లను ఎదురెదురుగా, కంపెనీ చెప్పిన బిగువుకు బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లలోపు మరోసారి చూసుకోవాలి. నెల్లూరులో బిగించి బయలుదేరితే కావలిలో టీకి ఆపినప్పుడు స్పానర్ బయటికి తీయండి.