ప్రమాణం చేయించే ముందు: మద్యం ముప్పులో ఉన్నవారిని కదిలించడం ఎలా?

చిత్తూరు వైపు ఇంట్లో మగవాడి తాగుడు శ్రుతి మించిందంటే అందరికీ ముందు గుర్తొచ్చేది కాణిపాకం. వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం చేస్తే మానేస్తాడని నమ్మకం. ఆ ప్రమాణం కొందరిని నిలబెడుతుంది, కాదనను. అయితే దానికి ముందు జరగాల్సిన పనులున్నాయి.

1. ఎవరికి ముప్పో గుర్తించండి

రోడ్డు పక్కన పడిపోయినవాడు అందరికీ కనిపిస్తాడు. కనిపించనివాడు వేరే ఉన్నాడు. వేళకు డ్యూటీకి వెళతాడు, ఇంట్లో గొడవ చేయడు, రాత్రి భోజనానికి ముందు 'ఒక్క క్వార్టరే' అంటాడు. మాత్రలు వేసుకున్నా బీపీ దిగదు, కడుపులో మంట, తెల్లవారకముందే మెలకువ. ఇతన్ని తాగుబోతు అన్నారంటే మాటలు అక్కడితో సరి.

2. లెక్క వేయండి

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం విస్కీ అయితే అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. తాగుడు ముప్పును కొలిచేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 'ఆడిట్' ప్రశ్నావళిలో 10 గ్రాములు ఒక డ్రింకు. అంటే ఒక్క క్వార్టరు ఆరు డ్రింకులు. 'బీరే కదా' అనేవారికి కూడా చెప్పండి: 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో నాలుగు డ్రింకులు ఉంటాయి.

ఆ ప్రశ్నావళిలో మొదటి మూడు ప్రశ్నలు ఎవరైనా అడగవచ్చు. ఎన్నాళ్లకోసారి తాగుతారు? తాగిన రోజు ఎంత? ఒకే పూట ఆరు లేదా అంతకు మించి డ్రింకులు తాగడం ఎంత తరచుగా? మొత్తం పది ప్రశ్నలకు 40 మార్కులు, 8 వస్తే ముప్పు ఉన్నట్టు. రోజూ ఒక్క క్వార్టరు తాగే మనిషికి ఈ మూడింటికే 4, 2, 4 చొప్పున 10 వస్తాయి! ఉపన్యాసం కన్నా ఈ కూడిక బాగా పనిచేస్తుంది. కాగితం మీద అతని చేతే వేయించండి.

3. శరీరం దగ్గర మొదలుపెట్టండి

రాత్రిపూట, తాగి ఉన్నప్పుడు, పిల్లల ముందు వద్దు. పొద్దున కాఫీ వేళ మంచిది. "అన్నా, ఈ మధ్య నిద్ర సరిగ్గా పడుతోందా?" అని అడగండి. తర్వాత, "మాల వేసుకున్న 41 రోజులూ ఎలా ఉండేది?" అనండి. అయ్యప్ప దీక్షలో మానేసిన అనుభవం మన దగ్గర చాలామందికి ఉంటుంది. ఆకలి వేసింది, డబ్బు మిగిలింది, పాప పక్కన కూర్చుంది అని అతనే చెప్పుకుంటాడు. మీరు మధ్యలో దూరకండి. మానేయాలన్న కారణం అతని నోటి నుంచే రావాలి.

4. చేయి వణుకుతుంటే డాక్టరు దగ్గరికే

పొద్దున చేతులు వణికి, చెమటలు పట్టి, ఒక గుటక పడితే గానీ కుదుటపడనివారి సంగతి వేరు. వారు ఉన్నట్టుండి మానకూడదు, దీక్ష కోసమైనా సరే. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించవచ్చు. ప్రాణం మీదికి వచ్చే స్థితి అది. ఆసుపత్రిలో మందులతో, బి1 విటమిన్‌తో మాన్పిస్తారు. తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఉంది. ఫోనులో అయితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446. ప్రమాణం ఆ చికిత్స అయ్యాక చేయించండి.

5. కూరలో మాత్రలు కలపకండి

తెలియకుండా మాన్పించే పొడి ఇస్తామని కొందరు అమ్ముతారు. మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ లాంటి మందు ఒంట్లో ఉండగా తాగితే రక్తపోటు పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. డాక్టరు రాసి, అతను ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు అది.

6. మళ్లీ అడగండి

గంగమ్మ జాతరలోనో పెళ్లిలోనో ఒకసారి జారితే చివాట్లు పెట్టవద్దు. వారం తర్వాత అవే మూడు ప్రశ్నలు అడిగి, పాత కాగితం పక్కన కొత్త మార్కులు వేయించండి.